సాయంత్రపు అప్పగింత

పాప నాయన అనే తప్ప నేనాయన్ను మరోలా పిలిచింది లేదు. ఉప్పళంలో మా బట్టల కొట్టు మెట్ల మీద రోజూ సాయంత్రం పాప చేతులు మారేది. పాప అమ్మ ఆసుపత్రిలో నర్సు పని ముగించుకుని బస్సు దిగేది. ఆయన రాత్రి షిఫ్టుకు ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేవాడు. గల్లా దగ్గర నుంచి కదలని మా ఆయనకు, పిల్ల పని పంచుకునే వాళ్లను చూపించి దెప్పేదాన్ని.

పాపను అందిస్తూ ఆయన రోజూ ఒకే మాట చెప్పేవాడు. "తినింది, నిదరపోయింది, జొరం లేదు."

"నువ్వు తింటివా?" అని ఆమె అడిగేది.

"నేనూ తింటిని."

అది అబద్ధమని ఆమెకు తెలుసు. సంచిలోంచి అరటిపండు తీసి ఆయన జేబులో కుక్కేది.

ఒకరోజు ఆమె పాపనెత్తుకుని ఇంటివైపు నడవకుండా అరియాంకుప్పం బస్సు కోసం నిలబడింది. ఏందమ్మా అన్నాను.

"మా అమ్మ కాడ ఉండానక్కా. మేము వేరైపోతిమి."

"మరి పాప?"

"పగలు ఆయన, రాత్రి నేను. పనులన్నీ ముందే పంచుకుంటిమి గదక్కా, ఇంక పంచుకునేదానికి ఏమీ లేకపోయె."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన ఎప్పటిలాగే పాపను అందించాడు. "తినింది, నిదరపోయింది, జొరం లేదు." ఆమె తలూపి, పాప టోపీ సర్ది, బస్సు వచ్చే వైపు తిరిగింది. వ్యాను హారన్ కొట్టింది. ఆయన ఒక మెట్టు దిగి ఆగాడు.

"నేనూ తింటిని" అన్నాడు, ఎవరూ అడగకుండానే.