సామ్రాజ్యం పిన్ని ఇంటి నిశ్శబ్దం

వంటింటి గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు సన్నగా గడగడలాడడం మొదలుపెట్టాయంటే వెనక వీధి పత్తిమిల్లు తెరిచారన్నమాట. ఈ కార్తీకంలోనూ నిన్న పొద్దున్నే మొదలైంది. గ్లాసుల మధ్య గుడ్డముక్కలు కుక్కుతుంటే సామ్రాజ్యం పిన్ని గుర్తొచ్చింది. ఆమెను తలుచుకుంటే నాకు ముందు వచ్చేది కన్నీళ్ళు కాదు, కుళ్ళు. మనిషి పోయి ఏడాదైనా అది మాత్రం పోలేదు.

నేను నకరికల్లు నుంచి కొత్త కోడలిగా నరసరావుపేట వచ్చినప్పుడు మా అద్దె ఇంటి పక్క వాటాలో ఉండేది పిన్ని. చుట్టం కాదు, వరస కలిపి పిలిచేదాన్ని. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. భర్త లేడు, పిల్లల్లేరు. గ్యాస్ బండ బుక్ చేయడం దగ్గర్నుంచి బ్యాంకులో గొంతు పెంచి అడగడం దాకా నాకు ఈ ఊళ్ళో బతకడం నేర్పింది ఆమే. సొంత ఇల్లు కొనాలని నాలుగేళ్ళు తిరిగింది. ఏ ఇల్లు చూసినా బడి వదిలే వేళకోసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి వెళ్ళేది. ఆదివారం మళ్ళీ వెళ్ళేది. లోపలికి అడుగుపెట్టకుండా పక్కింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగేది. "అమ్మేవాళ్ళకి చెవుడుంటదే. పక్కింటోళ్ళని అడగాల," అనేది. తన చెవి మీద ఆమెకు అంత గర్వం.

చివరికి ఆమె కొన్న ఇంట్లో ముందుగది గడియారం చప్పుడు వంటింట్లోకి వినబడేది. గృహప్రవేశం నాడు అది విని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఒంటి మనిషికి అంత ప్రశాంతత దేనికి? మావారు హైదరాబాదు రాత్రి బస్సు డ్రైవరు. పగలు కంటినిండా నిద్రపోతేనే రాత్రి స్టీరింగు ముందు కన్ను మూతపడకుండా ఉంటుంది. మా వాటా ముందేమో ఆటోస్టాండు. ఆయన చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద దొర్లుతుంటే, నాకు పిన్ని మీద ఒళ్ళు మండేది. తప్పని తెలుసు. అయినా మండేది.

ఆ మరుసటి వేసవిలో, ఇప్పుడు మేముంటున్న ఈ ఇల్లు అమ్మకానికొచ్చింది. ధర మాకు అందుబాటులో ఉంది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది. పిన్నికి చెప్పకుండానే బయానా ఇచ్చేద్దామనుకున్నాను. కానీ నీ ఇంటికన్నా ఇదే మేలని చూపించాలన్న దుగ్ధ ఆగనిస్తేనా! మావారు డ్యూటీలో ఉండగా వెంటబెట్టుకెళ్ళాను. పిన్ని ఇంట్లోకి రాలేదు. నేరుగా వెనక వీధిలో మూసి ఉన్న మిల్లు గేటు దగ్గరికి నడిచి, తాళం మీద వేలు రాసి నాకు చూపింది. నల్లటి జిడ్డు.

"ఏందే ఇది? మూతబడ్డ మిల్లు తాళానికి గ్రీజెవరు పూస్తారు? పత్తి రాగానే తెరుస్తారు. ఈ ఇల్లొద్దు."

"మూసేసి చానా ఏళ్ళయిందని ఓనరు చెప్పాడు పిన్నీ."

"పక్కింట్లో అడుగుదాం రా."

"అక్కర్లేదులే. మంచి ఇల్లు నీ ఒక్కదానికే దొరకాలా ఏంది?"

అనేశాను. పిన్ని వేలి జిడ్డు గోడకు తుడిచి ఆటో ఎక్కింది. మర్నాడు మావారు అడిగారు, "పిన్ని చూసిందా? బాగుందందా?" అని. ఊఁ అన్నాను.

ఇల్లు కొని దిగాం. కార్తీకంలో మిల్లు తెరిచారు. వారం రోజులు ఆయనకు పగలు కునుకు లేదు. ఒక తెల్లవారుజామున బస్సు రోడ్డు దిగి తుప్పల్లో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఇంటికొచ్చిన మనిషి కాఫీ కూడా తాగలేకపోయారు. విషయం తెలిసి పిన్ని పరుగున వచ్చి ఆయన చేతిలో తాళంచెవి పెట్టింది. "మా ముందుగదిలో పడుకో నాయనా. నేను వంటింట్లో ఉంటా, అలికిడి చెయ్యను."

అప్పట్నుంచి మిల్లు నడిచినన్నాళ్ళూ ఆయన నిద్ర పిన్ని ఇంట్లోనే. తేటపడ్డ మొహంతో తిరిగొచ్చి, "నిద్రంటే పిన్ని ఇంట్లోదేనే," అనేవారు. పుండు మీద కారం చల్లినట్టుండేది నాకు. ఇల్లు ఆమెదే బాగుంది సరే, నా మొగుడి నిద్ర కూడా ఆమె చేతిలోకే పోవాలా? పైగా నన్ను ఒక్కసారి కూడా "నే చెప్పలా?" అనలేదు. అంటే తిరిగి నాలుగు అనేసి తేలికపడేదాన్ని.

ఒకరోజు మా వంటింట్లో, నా ఎదుటే, ఆయన అడిగారు. "పిన్నీ, అన్ని ఇళ్ళు చూశావు గదా. ఈ ఇల్లు చూసినప్పుడు మిల్లు సంగతి నీక్కూడా తెలియలేదా?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పిన్ని నా వైపు చూడలేదు.

"తెలవలా నాయనా. పెద్దదాన్నయ్యా గదా, చెవి మొద్దుబారింది."

మావారిప్పుడు పగటి సర్వీసుకు మారారు. పిన్ని ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. దాని మీద నాకిప్పుడు ఆశ లేదు. మిల్లు మోగినప్పుడల్లా ఆయన, "పిన్నే కనిపెట్టలేకపోయింది, నువ్వేం చేస్తావులే," అని నన్ను ఓదారుస్తారు. నేను ఇప్పటికీ ఊఁ అంటూనే ఉన్నాను. ఆమె ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా ఆడగలిగిందో, దాన్నే ఓర్చుకోలేకపోతున్నాను. ఆమె స్థానంలో నేనుంటే నిజమే చెప్పేదాన్ని.