ఆదివారం కూడికలో వాయించని క్రేన్ డ్రైవరు

1961లో నేను జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో, మా క్వార్టరు ముందుగదిలో హవాయిన్ గిటార్ నేర్పేదాన్ని. మావారు అక్కడి ఉక్కు ప్లాంటులో, డ్రాయింగ్ ఆఫీసులో పని చేసేవారు. పెళ్లికి ముందు నేను కలకత్తాలో టీచర్ ట్రైనింగ్ చదివిన రెండేళ్లూ మా హాస్టలు వార్డెన్ దగ్గర ఈ వాద్యం నేర్చుకున్నాను. ఏలూరు దగ్గర మా ఊళ్లో దాన్ని చూసినవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం బెంగాలీల ఇళ్లలో తరచుగా వినబడేది. అలా ఒకరిద్దరితో మొదలై నా దగ్గరికి ఆరుగురు వచ్చేవారు.

హవాయిన్ గిటార్‌ని మామూలు గిటార్‌లా ఒంటికి ఆనించుకుని పట్టుకోరు. ఒళ్లో వెల్లకిలా పడుకోబెడతారు. తీగలు కర్ర మీద నుంచి బాగా ఎత్తుగా ఉంటాయి. ఎడమచేతిలో బార్ అని బొటనవేలంత ఉక్కుకడ్డీ పట్టుకుని దాన్ని తీగల మీద జార్చుకుంటూ, కుడిచేతి వేళ్లకు తొడుక్కున్న పిక్‌లతో మీటాలి. మీటుకీ మీటుకీ మధ్య స్వరం తెగకుండా జారుతుంది. అందుకే అది మనిషి గొంతులా వినిపిస్తుంది. చెయ్యి కాస్త వణికితే ఆ వణుకూ అంతే స్పష్టంగా వినిపిస్తుంది.

వారంలో ఒక్కొక్కరికి విడిగా పాఠం ఉండేది. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరూ కలిసి కూర్చుని, నేర్చుకున్నది ఒకరికొకరు వినిపించుకోవాలి. దానికి నేను కూడిక అని పేరు పెట్టాను. అదొక్కటే నా క్లాసులో గట్టి నియమం.

ఆ ఏడాది మార్చిలో నరసింగరావు గారు వచ్చారు. టెక్కలి వైపు మనిషి. నలభై దాటాయి. ఊళ్లోనే బర్మామైన్స్ బస్తీలో కాపురం. ప్లాంటులో క్రేన్ డ్రైవరు. లేడిల్ అంటారు, కరిగిన ఉక్కు నింపిన పెద్ద బకెట్టు. కింద మనుషులు తిరుగుతుండగా దాన్ని పైనుంచి తీసుకెళ్లి సరిగ్గా అచ్చుల మీద నిలపడం ఆయన ఉద్యోగం. ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు ఇంట్లో గిటార్ దొరికిందని, దుప్పట్లో చుట్టి తెచ్చారు.

“అమ్మగారూ, దీన్ని ఎలగ పట్టుకోవాలో కూడా నాకు తెల్దండి. నేర్పుతారేటి?” అన్నారు గుమ్మంలోనే నిలబడి.

ఆ పెద్ద గుప్పిట్లో నా బార్ కనబడకుండా పోయింది. కానీ మూడో నెలకే ఆయన చేతిలో అది ఎంత తేలిగ్గా నడిచేదంటే, నేను నోట్సు రాయడం మానేసి వింటూ ఉండిపోయేదాన్ని. వాళ్లమ్మ నాట్లు వేసేటప్పుడు పాడిన పాట ఒకటి ఎవరూ చెప్పకుండానే తీగల మీద వెతికి పట్టుకున్నారు. అందులో ఒకచోట గొంతు విరిచి కిందికి దిగే వంపు ఉంది. అది నాకు వచ్చేది కాదు.

మొదటి కూడికకు ఆయన రాలేదు. “షిఫ్ట్ మారిపోనాదండి” అన్నారు. రెండోదానికీ రాలేదు. మళ్లీ షిఫ్టే. మూడోదానికి వచ్చారు, చివర కూర్చున్నారు, ఆయన వంతు వచ్చేసరికి మంచినీళ్లు తాగి వస్తానని లేచి, గిటార్ మా ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయారు.

నాకేమీ అర్థం కాలేదు. మర్నాడు గిటార్ కోసం వస్తే అడిగాను.

“భయమా, నరసింగరావు గారూ?”

“భయం కాదండి.”

“సిగ్గా?”

“సిగ్గూ కాదనుకుంటాను.”

“మరి?”

ఆయన దుప్పటి చుట్టడం ఆపి, “ఏటో నాకే తెల్డం నేదమ్మగారూ” అన్నారు. తప్పించుకోవడానికి అన్నట్టు లేదు. నిజంగా తెలియకే అన్నట్టుంది.

సభాపిరికి అనుకుందామంటే, బర్మామైన్స్‌లో తెలుగువాళ్ల శ్రీరామనవమి పందిట్లో రెండు వందల మంది ముందు భజన ఎత్తుకునేది ఆయనే. మిగతా విద్యార్థులు ఇంగ్లీషు చదువుకున్నవాళ్లని జంకేమో అనుకున్నాను. తర్వాతి కూడికలో అందరూ తెలుగులోనే మాట్లాడాలని చెప్పాను. క్లాసులోని బెంగాలీ అమ్మాయిలిద్దరూ మొహాలు చూసుకున్నారు గాని ఆయన మాత్రం వాయించలేదు. క్రేన్ క్యాబిన్‌లో ఒంటరిగా పని చేసే మనిషి కదా, ఎదురుగా మొహాలుంటే ఇబ్బందేమో అని స్టూలు గోడవైపు తిప్పాను. నాలుగు స్వరాలు వాయించారు. ఐదోదానికి బార్ జారి నేల మీద పడి దొర్లింది. క్రేన్ పని గురించి మావారు చెప్పింది గుర్తొచ్చి, కింద నిలబడే మనిషి క్రేన్ డ్రైవరుకి చేతులతో సైగలు చేసినట్టు, పక్కన నిలబడి సైగలు చేస్తూ వాయించమన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, “అలగ కాదండి, అది వేరండి” అన్నారు. ఏది వేరో నాకు తెలియలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

నా విద్యార్థుల్లో రత్నమ్మగారని మిషన్ స్కూల్లో పని చేసి రిటైరైన ఆవిడ ఉండేవారు. అరవై దగ్గరపడుతున్నాయి. కమల అని ఆసుపత్రిలో నర్సు అమ్మాయి కూడా ఉండేది. ఒక గురువారం నరసింగరావు గారి పాఠం వేళకు ఆ ఇద్దరినీ పిలిచి, లోపలి గదిలో కర్టెన్ వెనక కూర్చోబెట్టాను. వాళ్లు విన్నారని, మెచ్చుకున్నారని తర్వాత తెలిస్తే ఆయన బెరుకు పోతుందనుకున్నాను.

ఆ రోజు నాట్ల పాట మొదటినుంచి చివరిదాకా వాయించారు. ఎన్నడూ అంత బాగా వాయించలేదు. చివరి స్వరం ఆగకముందే కర్టెన్ వెనక చప్పట్లు వినిపించాయి. కమల బయటికి వచ్చి, “బాబాయ్ గారూ, నాకు ఏడుపొచ్చిందండి!” అంది.

ఆయన మొహంలో నెత్తురు లేదు. పిక్‌లు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నారు. గిటార్‌ని దుప్పట్లో చుట్టారు. “నమస్కారమండి” అన్నారు, ముగ్గురిలో ఎవరి మొహమూ చూడకుండా. వెళ్లిపోయారు.

మూడు వారాలు రాలేదు. నాకు కోపం కూడా వచ్చింది. మెచ్చుకుంటే నొచ్చుకునే మనిషిని ఏం చేయాలి? ఆ కోపం కింద మరొకటి ఉండేది. ఆయన నా దగ్గర చేరింది నన్ను నమ్మి. ఆ నమ్మకాన్ని పక్కకి నెట్టి కర్టెన్ వెనక మనుషుల్ని కూర్చోబెట్టింది నేనే. తిరిగి రాకపోతే ఆ గిటార్ మళ్లీ దుప్పట్లోంచి బయటికి వస్తుందో లేదో అని దిగులు పట్టుకుంది.

రత్నమ్మగారే అన్నారు, “పద సుగుణా, వెళ్లి క్షమించమని అడుగుదాం. నేనూ కూర్చున్నాను కదా అక్కడ.”

ఇద్దరం రిక్షాలో బర్మామైన్స్ వెళ్లాం. ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. ఆయన భార్య పార్వతమ్మ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టింది.

“డ్యూటీ నుంచి అభీ వచ్చినాడమ్మా, తానం సేత్తన్నాడు” అని, గొంతు తగ్గించి నన్నే అడిగింది. “ఆ డబ్బా మీ కాడ మోగుతాదేటమ్మా? నా ఎదర ఒక్కపాలి వాయించనేదు. తలుపేసుకుంటాడు. నానేటి పరాయిదాన్నా? మీకేటైనా సెప్పినాడా?”

నేను ఆమెని అడుగుదామనుకున్న ప్రశ్న ఆమె నన్ను అడిగింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయారు. నేను లేచి నిలబడి, చేసింది తప్పేనని చెప్పాను. ఆయన తువ్వాలు మడత పెడుతూ విన్నారు.

“మీరు తిట్టినా బాగుండునండి” అన్నారు చివరికి. “మీరు ఇంటే పర్లేదు, తప్పులు సూడ్డం మీ పని. మిగతావోళ్లు అలగ కాదు కదా. ఆళ్లు ఇంటే…” అని తువ్వాలు భుజం మీద వేసుకుని, “ఏటో మరి” అన్నారు.

రత్నమ్మగారు గోడకి ఆనించి ఉన్న గిటార్ వైపు చూసి, “బాబూ, అది కాస్త ఇలా ఇస్తావా? నాకు మూడు నెలలుగా ఒకటి రావడం లేదు” అన్నారు.

ఆయన ఇవ్వడమే ఆలస్యం, ఆవిడ ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే ఆవిడ నా విద్యార్థులందరిలోకీ వెనకబడ్డవారు. బార్ జారుతుంటే పిల్లి తోక తొక్కినట్టు వినబడింది. పొరుగింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. రత్నమ్మగారు ఆపలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

నరసింగరావు గారు పళ్లు బిగబట్టారు. రెండోసారి ఆ చప్పుడు రాగానే ఉండలేకపోయారు.

“అమ్మా, నొక్కేత్తన్నారండి! బార్‌ని నొక్కకూడదు. తీగ మీద ఒగ్గేయండి, దాని బరువు అదే మోత్తాది.”

“ఎలా? చూపించు.”

ఆయన గిటార్ తీసుకుని నాలుగు స్వరాలు చూపించారు. ఆవిడ చేశారు. మళ్లీ తప్పింది. “బార్ ఎనక సేతి ఏళ్లు తీగకి ఆనించండి. అప్పుడు గరగర ఉండదు.” మళ్లీ తీసుకుని, ఈసారి ఇంకొంచెం ముందుకి వాయించారు. ఆ తర్వాత ఇంకొంచెం. ఒకచోట ఆయనకే తప్పింది. “సూసినారా, ఇక్కడ నాకూ ఇంతే” అని నవ్వారు.

పార్వతమ్మ టీ గ్లాసులు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. కదిలితే ఆగిపోతుందని నాలాగే ఆమెకీ తోచినట్టుంది. టీ చల్లారిపోయింది.

తిరిగి వస్తుంటే రిక్షాలో రత్నమ్మగారి చెయ్యి పట్టుకుని, “ఎంత ఉపాయం చేశారండీ!” అన్నాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. “ఉపాయమేమిటి? నాకు నిజంగానే రావడం లేదుగా.”

ఆయన పాఠానికి తిరిగి వచ్చారు. “ఆదోరం కూడా వత్తాను. కానీ వాయించమని అడక్కండి” అన్నారు. సరేనన్నాను. వచ్చి కూర్చునేవారు. కమలకి ఎక్కడైనా చిక్కుపడితే వెళ్లి సరిచేసేవారు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపేవారు. నేను పట్టు పట్టడం మానేశాను.

డిసెంబరు కూడికలో అందరిదీ అయిపోయాక ఆయన నోరు విప్పారు.

“అమ్మగారూ, ఒక మాట అడగనా? కోపం రాకూడదు. ఇన్ని ఆదోరాల్లో మీరు ఒక్కపాలి కూడా వాయించనేదు. ఎందుకండీ?”

“నేను టీచర్ని కదా” అన్నాను వెంటనే.

“ఓహో” అన్నారు. అందులో వెటకారం లేదు. సమాధానం సరిపోయిందేమోనని ఆలోచిస్తున్నారంతే.

నాకే సరిపోలేదు. పాఠంలో ముక్కలు ముక్కలుగా చూపించేదాన్ని గాని, ఒక పాట మొదటినుంచి చివరిదాకా ఎవరి ముందూ వాయించి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. కలకత్తాలో వార్డెన్ దగ్గర సగంలో వదిలేసిన పాట ఒకటి ఉంది. పై స్థాయిలో మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడ నా బార్ ఎప్పుడూ వెంట్రుకవాసి కిందే ఆగేది. ఆ చోటు తెలుసు గనుకనే దాన్ని ముట్టుకోవడం మానేశాను. దానికి భయమని గాని సిగ్గని గాని నేను పేరు పెట్టలేదు. తీరిక లేదనుకున్నాను.

గిటార్ ఒళ్లోకి తీసుకున్నాను. పిక్‌లు తొడుక్కున్నాను. వాయించాను. కింది స్థాయిలో బాగానే నడిచింది. పైకి వెళ్లగానే చెయ్యి వణికింది, ఆ వణుకు గదంతా వినబడింది. సరిగ్గా ఆ చోటే స్వరం తగ్గింది. ఆపకుండా చివరిదాకా వెళ్లాను గాని తలెత్తలేకపోయాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే లేచి లోపలికి వెళ్లిపోయేదాన్నే. అప్పుడు నాకు ఆ గురువారం ఆయన మొహం గుర్తొచ్చింది.

దుప్పటి విప్పుతున్న చప్పుడైంది.

“ఆ పైన నాకూ అలగే తగ్గిపోతాదండి” అన్నారు నరసింగరావు గారు. “ఇనండి, ఎక్కడో సెప్పండి.” అని నాట్ల పాట ఎత్తుకున్నారు. గురువారం వాయించినంత బాగా లేదు. రెండుచోట్ల తప్పింది. తప్పినచోట ఆగి, కమల వైపు చూసి, “ఇక్కడేనా?” అని అడిగారు. కమల అవునంది. మళ్లీ వాయించారు.

ఆ తర్వాత కూడిక పద్ధతి మార్చాను. వచ్చినది కాదు, రానిది ముందు వాయించాలి. మొదలుపెట్టేది నేనే. పద్దెనిమిదేళ్లు అలాగే నడిపాను. ఎందరో బిడియస్తులు దానివల్ల వాయించారు. కొందరు దానివల్ల కూడా వాయించలేదు. వాళ్లని నేను గోడవైపు తిప్పలేదు, కర్టెన్ వెనక ఎవరినీ కూర్చోబెట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత నరసింగరావు గారు రిటైరై టెక్కలి వెళ్లిపోయే ముందు భార్యతో కలిసి చెప్పి పోవడానికి వచ్చారు. అప్పుడు అడిగాను, అసలు ఆ రోజుల్లో ఏమైందని.

“మీరు వాయించినప్పుడు జాలేసిందండి, అంతే” అన్నారు. “అంతకు ముందు ఏటో, ఇప్పటికీ నాకు తెల్దు.”

“నాకూ తెల్దు” అంది పార్వతమ్మ. “ఇప్పుడు ఆపమన్నా ఆపడు.”

నాకూ పూర్తిగా తెలియదు. నలుగురికి వినిపించమని ఒకరిని అడిగే ముందు, నేను ఎప్పుడు వినిపించానని నన్ను నేను అడుక్కోవాలని మాత్రం తెలిసింది.