రోగి పేరు సజ్జమ్మ

ఆళ్లగడ్డలో మా చర్చి పెద్దలందరినీ ఒక సాయంత్రం మా పడకగది తలుపు ముందు మోకాళ్ల మీద నిలబెట్టిన ఘనత నాది. ఎవరి కోసం మోకరించారో వాళ్లకు తెలియదు. తెలిసిన నేనేమో నోరు విప్పలేదు. కొన్నేళ్లు గడిచినా ఆ సాయంత్రం గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఆయన ఇప్పటికే మీ అందరి వంతూ నవ్వేశాడు.

సజ్జమ్మ మా పిల్లి. ఒళ్లంతా సజ్జగింజల రంగు, అందుకే ఆ పేరు. ఎక్కడి నుంచో వచ్చి మా బియ్యపు డబ్బా మీద కూర్చుంది, ఇక దిగలేదు. నాకు విషజ్వరం వచ్చి మంచాన పడినప్పుడు నా కాళ్ల దగ్గరే ముడుచుకుని పడుకుంది. నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అది కూడా గిన్నె ముట్టలేదని మా ఆయన అంటాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు, మాటల్లో సగం కోతలే. అయినా ఈ ఒక్క మాట మాత్రం నేను పూర్తిగా నమ్మేశాను.

అలాంటి పిల్లి ఒకరోజు తిండి మానేసింది. పాలు పెట్టినా, చేప పెట్టినా ముఖం తిప్పుకుంది. సంచిలో పెట్టుకుని నంద్యాల పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. లివర్ దెబ్బతిందని చెప్పి డాక్టరు దాని మెడ పక్కనుంచి గొంతులోకి సన్నటి పైపు వేశాడు.

"తిండి ఈ పైపులోనే ఎక్కించండి. రోజూ నోటి ముందు కూడా ఏదో ఒకటి పెట్టి చూడండి. తనంతట తాను తింటే బతికినట్టే" అన్నాడు.

పైపుతో సహా దాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

ఇక ఇంట్లో మా అవస్థ చూడాలి. డాక్టరిచ్చిన పిల్లి తిండిని, ఉడికించిన కోడిని మిక్సీలో మెత్తగా తిప్పి, టీ జాలీలో వడగట్టి, గోరువెచ్చగా సిరంజిలో నింపి మెల్లగా తోయాలి. ఆ తరువాత పైపు కడిగినట్టు కాసిని నీళ్లు. తొందరపడితే కక్కుతుంది. చిక్కగా ఉంటే పైపు పూడుకుంటుంది. మొదటిసారి గట్టిగా తోసేసరికి ఆ జావంతా మా ఆయన ఖాకీ చొక్కా మీద చిమ్మింది. మార్చుకునే టైము లేక అలాగే డ్యూటీకి పోయాడు. నంద్యాల బస్టాండులో పిల్లులన్నీ తన బస్సే ఎక్కబోయాయని సాయంత్రం వచ్చి చెప్పాడు.

మెడకట్టు మీద నా పాత సాక్సు ముక్క తొడుక్కుని, టవల్లో చుట్టుకుని, సజ్జమ్మ నన్ను స్కూలు తనిఖీకి వచ్చిన అధికారిలా చూసేది. నేను దాని చెవిలో "తినవే తల్లీ, ఒక్క ముద్ద" అని బతిమాలేదాన్ని. నోటి ముందు పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉండేది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని, మళ్లీ సిరంజి పట్టుకునేదాన్ని.

ఇక నేను వెలగబెట్టిన ఘనకార్యం. మా చర్చిలో ఆదివారం ఆరాధన చివర ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటే, అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. బోరులో నీళ్లు పడాలని అడుగుతారు, ఎనుము సుఖంగా ఈనాలని అడుగుతారు. ఎనుముకైతే అడగొచ్చు, అది పాలిస్తుంది. పిల్లి పాలు తాగుతుంది. పైగా నేను సండేస్కూలు టీచరమ్మను, పిల్లలంతా ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. అడగకుండా ఉండలేను, పిల్లి అని చెప్పలేను. లేచి నిలబడ్డాను.

"మా ఇంట్లో సజ్జమ్మకు బాగలేదయ్యగారూ. కూడు ముట్టడంల్యా. నంద్యాలలో గొంతుకు పైపేసినారు."

చర్చంతా "అయ్యో" అంది.

"పెద్దామెనా అమ్మా?" అన్నారు పాస్టరయ్యగారు.

"వయసైందయ్యగారూ."

"మీకేమైతాది?"

"ఏమీ కాదు. యాడిదో, దిక్కులేక మా ఇంటికొచ్చింది. మేమే పెట్టుకున్యాం."

"బిడ్డల్లేరా?" అని ఆడవాళ్ల వైపు నుంచి ఎస్తేరత్త అడిగింది. చర్చిలో ఎవరికి జ్వరమొచ్చినా మొదట కబురు అందేది ఆమెకే.

"శానామంది ఉండారత్తా. ఎవరి బతుకు వాళ్లది."

"ఒక్కరన్నా వచ్చి చూడలేదా?"

"లేదత్తా."

"కాలం చెడిపోయినాది!" అని ఎస్తేరత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గమనించండి, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు నేను. నిజాలను ఏరి ఏరి వడ్డించానంతే.

బయటకు రాగానే మా ఆయన పట్టుకున్నాడు. "ఏమ్మే, పిల్లి అని చెప్పలేదే నువ్వు?"

"వాళ్లు అడగలేదు కదా?"

"ఇంటికొచ్చి అడుగుతారు చూడు."

"ఎవరొస్తారు? ఊరకుండు."

శుక్రవారం సాయంత్రం తలుపు కొట్టారు. తీస్తే పాస్టరయ్యగారు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, అందరికంటే ముందు టిఫిన్ క్యారియర్‌తో ఎస్తేరత్త. సజ్జమ్మకు అప్పుడే పైపులో తిండి ఎక్కించి పడకగదిలో పడుకోబెట్టి బయట గడియ పెట్టాను. మా ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు.

"యాడ పండుకోనుండాది పెద్దామె?" అంది ఎస్తేరత్త.

"లోపల. ఇప్పుడే కన్ను మూసింది" అన్నాను.

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నిద్ర! నిద్రపోతాంది అత్తా!"

"లేపొద్దులేమ్మా, ఈడ్నుంచే చేస్తాం" అన్నారు అయ్యగారు.

ఆ క్షణంలో చెప్పేసి ఉంటే అంతటితో పోయేది. నోరు తెరిచాను కూడా. ఆలోగా అందరూ మోకరించేశారు. ఎస్తేరత్త క్యారియర్‌లోంచి ఒక గిన్నె తీసి, మూత తెరిచి గడప ముందు పెట్టింది. "నాటుకోడి. రోగికని ఉప్పూ కారం ఏమీ లేకుండా వట్టి నీళ్లలో ఉడకబెట్టినా. వాసన తగిలితే నోరూరుతాది" అంది.

ప్రార్థన మొదలైంది. సజ్జమ్మ ఇన్నేళ్లూ చేసిన కష్టాన్ని జ్ఞాపకం చేసుకోమని అయ్యగారు దేవుణ్ణి వేడుకున్నారు. బియ్యపు డబ్బా మీద అది చేసిన కష్టం నాకు గుర్తొచ్చి పెదవి కొరుక్కున్నాను. ముసలితల్లిని గాలికొదిలేసిన ఆ బిడ్డల మనసు కరిగించమని ఎస్తేరత్త గొంతెత్తి ఏడ్చింది. వాళ్లలా ఏడుస్తుంటే నాకూ నిజంగానే ఏడుపొచ్చింది. సజ్జమ్మ కోసం ఇంతమంది కలిసి ఏడవడం ఆ రోజే చూశాను. ఎవరో తెలియకుండా ఏడుస్తున్నారన్న సంగతి ఒక పక్క గుచ్చుతూనే ఉంది.

అంతలో లోపలి నుంచి తలుపు గీకిన చప్పుడు.

"లేసినట్టుంది పాపం" అన్నారు అయ్యగారు కళ్లు తెరిచి.

"పిలిచేదానికి గొంతు కూడా లేదు" అంటూ ఎస్తేరత్త నేను అడ్డం పడేలోపే గడియ తీసింది.

అందరూ తలుపు సందులోంచి మంచం వైపు చూశారు. మంచం ఖాళీ.

"ఆమె యాడమ్మా?"

నా కళ్లు గడప మీద ఉన్నాయి. మెడకు సాక్సుతో, పైపు ముక్క ఊగుతూ, సజ్జమ్మ తూలుకుంటూ వచ్చి గిన్నె దగ్గర ఆగింది. వాసన చూసింది. నాలుక చాపి నాకింది. తరువాత ఒక ముక్క నోటికందుకుంది. కొరికింది. మింగింది.

"ఊష్! రోగి కూడు పిల్లి తింటాంది!" అని ఎస్తేరత్త చెయ్యెత్తింది.

"కొట్టొద్దత్తా! రోగే అది! అదే సజ్జమ్మ!" అని అరిచి, ఆ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాను. "తింటాందత్తా! దానంతట అదే తింటాంది!"

సజ్జమ్మ నములుతున్న చప్పుడు ఒక్కటే. అయ్యగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని కిందికి చూశారు.

"మరి ఆ బిడ్డలు?"

"ఒకటి నంద్యాల రైసుమిల్లులో ఉందయ్యగారూ. ఎలకలు పడతాంది."

సంఘ పెద్దల్లో ఎవరో ముక్కులోంచి నవ్వారు. ఆపైన ఎవరూ ఆపుకోలేకపోయారు. ఎస్తేరత్త ఒక్కతే నవ్వలేదు. సజ్జమ్మ పక్కన చతికిలబడి ఆ పైపును, సాక్సును చాలాసేపు చూసింది.

"మా ఎనుముకు రోగమొచ్చినప్పుడు నేను కూడు తినలేదమ్మే. నాకు చెప్పేదానికి సిగ్గైందా నీకి?" అంది.

ఆవిడ ముక్కను వేళ్లతో చిన్నచిన్నగా చీల్చి సజ్జమ్మ ముందు పెట్టింది. "బేగా తినమ్మా. ముందే చెప్పింటే కార్జం కూడా తెచ్చిందును" అని గొణిగింది.

"ఆమెన్ ఇంకా చెప్పలేదు, అందరూ మోకరించండి" అన్నారు అయ్యగారు. మిగిలిన ప్రార్థన పిల్లి పేరు మీదే జరిగింది. అప్పుడే ఇంటికొచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి, లోపలి దృశ్యమంతా చూసి, టికెట్ మిషన్ కింద పెట్టి తనూ మోకరించాడు.

సజ్జమ్మ రోజురోజుకీ తేరుకుంది. నంద్యాలకు తీసుకెళ్లి పైపు తీయించాం. స్వస్థత కలిగాక సాక్ష్యం చెప్పడం మా ఆచారం కాబట్టి, ఆదివారం చర్చిలో లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందు వైపు నుంచి ఎవరో "మ్యావ్" అన్నారు. సండేస్కూలు పిల్లలే అనుకుని కళ్లెర్రజేశాను. తీరా చూస్తే అయ్యగారు కీర్తనల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

ఇప్పటికీ ఎస్తేరత్త ఇంట్లో కోడి ఉడికితే ఉప్పూ కారం లేని గిన్నె ఒకటి మా ఇంటికొస్తుంది. "పెద్దామెకియ్యి, నువ్వు తినేవు" అని హెచ్చరిక కూడా.

అందుకని సంఘం ఎదుట, మా ఆయన ఎదుట, బియ్యపు డబ్బా మీద కూర్చుని కాలు నాక్కుంటున్న సజ్జమ్మ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కోసం ప్రార్థన కోరినా, రోగికి తోక ఉందో లేదో మొదటి మాటలోనే చెప్పేస్తాను.