తూచి చూడని లైను

మత్స్యశాఖలో అభివృద్ధి అధికారిగా నా చివరి పోస్టింగ్ మార్కాపురం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఆ ఏడాది జూలై మొదటి వారంలో మా అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) గారి దగ్గర నుంచి ఒక ఉత్తర్వు అందింది. తర్లుపాడు వైపున్న ఒక చెరువులో పర్యాటకుల కోసం ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టే ఆలోచన ఉందనీ, చెరువును లీజుకు తీసుకున్న మత్స్యకార సంఘం వాళ్ళకు ముందుగా ఒకసారి చేసి చూపించాలనీ దాని సారాంశం. మా ఆఫీసులో ఆ శిక్షణకు వెళ్ళొచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

మామూలు గాలానికి కట్టిన సీసం గుండు దారాన్ని తన వెంట లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి కట్టేది ఓ ఈక, కాస్త గొర్రె ఉన్ని, అంతే. దానికి బరువుండదు. బరువంతా లైనులోనే, అంటే దారంలోనే ఉంటుంది. రాడ్‌ను, అంటే గాలం కర్రను, వెనక్కీ ముందుకీ ఊపినప్పుడు లైను బరువుకు రాడ్ వంగుతుంది, తిరిగి నిటారుగా లేస్తూ లైనును నీళ్ళ మీదికి పంపుతుంది. అందుకని ప్రతి రాడ్ మీద ఒక నంబరు వేసి ఉంటుంది. లైను నంబరు కూడా అదే ఉండాలి. లైను మొదటి తొమ్మిది మీటర్ల బరువును బట్టి దాని నంబరు నిర్ణయిస్తారు. బంగారుతీగ, గడ్డిచేప లాంటి మొండి చేపలకు ఎనిమిదో నంబరు రాడ్, నీళ్ళ మీద తేలే ఎనిమిదో నంబరు లైను తగినవి. సామాను కోసం నేను రాసి పంపిన ఇండెంటు కూడా అదే.

పార్శిల్ ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం వచ్చింది. రాడ్ మీద ఎనిమిది ఉంది. లైను డబ్బా మీద కూడా ఎనిమిదే ఉంది. రీలుకు చుట్టి పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున పదింటికి చెరువు కట్ట మీద సంఘం సభ్యులు పాతిక మంది దాకా కూడినారు. పడమటి గాలి గట్టిగా వీస్తోంది. నా వెంట వచ్చిన ఫీల్డ్‌మ్యాన్ కాశయ్య అందరినీ నాకు కుడిపక్కన దూరంగా నిలబెట్టినాడు. మొదటిసారి విసిరినప్పుడే ఏదో తేడాగా అనిపించింది. రాడ్ కట్టెలాగా బిగుసుకుని ఉంది, వంగడం లేదు. లైను పట్టుమని పది అడుగులు కూడా పోకుండా నా ముందే కుప్పగా పడింది. గాలి వల్ల అనుకున్నాను. ఇంకొంచెం బలంగా ఊపాను. అయినా పోలేదు. అంతమంది చూస్తున్నారన్న పట్టుదలతో మూడోసారి ఒళ్ళంతా బిగించి ఊపాను.

లైను వెనక సాగకుండా కిందికి జారి, పక్కకు కొట్టుకుపోయింది. చేతికి చిన్న అదురు తగిలింది. గడ్డిపోచకు తగులుకుందనుకుని తిరిగి చూశాను.

మరియమ్మ ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఆ సంఘం ఉపాధ్యక్షురాలు. యాభై ఏళ్ళుంటాయి. విసురు వల వేయడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు పేరుంది. నా చెయ్యి కదిలే తీరు చూడాలని రెండడుగులు దగ్గరికి వచ్చిందట. ఆమె వేళ్ళ సందుల్లోంచి నా లైను వేలాడుతోంది.

"మేడం, కంట్లో ఏందో గుచ్చుకునింది," అన్నది మెల్లగా.

రాడ్ పట్టుకున్న పిడికిలి విప్పుదామన్నా విడివడలేదు. కాశయ్య ఒక్కడే ముందుకు పోయినాడు. కొక్కెం పీకబోతాడేమోనని మరియమ్మ రెండో చేత్తో అతన్ని ఆపింది.

"పీకొద్దన్నా. దారం కోయి, చాలు."

అతను కత్తెరతో లైను కోసి, కన్ను అదమకుండా పైన కాగితం గ్లాసు బోర్లించి, తలకు తువ్వాలు చుట్టినాడు. జీపులో మార్కాపురం చేరేదాకా ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది.

కంటి డాక్టరు గారు ఆమెను లోపలికి తీసుకుపోయి పావుగంటలో బయటికి వచ్చినారు. కొక్కెం కింది రెప్పలో దిగిందనీ, కనుగుడ్డుకు వెంట్రుకవాసి దూరంలో ఆగిందనీ, చూపుకు భయం లేదనీ చెప్పినారు. కొక్కెం మొనకు ఉండే ఎదురుముల్లు అణిచేసి ఉండడం వల్ల తేలిగ్గా వచ్చిందట, అది గనక నిలబడి ఉంటే లాగేటప్పుడు రెప్ప చీలిపోయి ఉండేదన్నారు. నేను ముల్లు అణచలేదు. కాశయ్య వైపు చూశాను.

"గుడ్లు పెట్టే తల్లి చేపలు మేడం. మళ్ళీ నీళ్ళలో వదలాల గదా, వాటి నోరు చినగకూడదని పొద్దున్నే పటకారుతో నొక్కినాను," అన్నాడు.

మరియమ్మను బయటికి తీసుకొచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి, మిగిలిన లైనును తొమ్మిది మీటర్లు కొలిచి, చేప గుడ్లు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. ఎనిమిదో నంబరైతే పదమూడున్నర గ్రాములు చూపించాలి. తొమ్మిది చూపించింది. కాటాను సున్నాకు తెచ్చి మళ్ళీ పెట్టాను. అదే తొమ్మిది. ఐదో నంబరు లైను ఎనిమిదో నంబరు డబ్బాలో వచ్చింది. అంత తేలిక లైనుకు ఆ రాడ్ ఎంత ఊపినా వంగదు.

రిపోర్టులో గాలి వల్ల ప్రమాదం జరిగిందని రాస్తే సరిపోతుందని ఏడీ గారు ఫోనులో సూచించారు. లైను సరిచూసుకోకుండా వాడాననీ, గాలి తెలిసీ ఆపలేదనీ రాసి పంపాను. రాతపూర్వక మందలింపు వచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో అదొక్కటే ఉంది.

పది రోజుల తర్వాత మరియమ్మ ఇంటికి పోయి, తప్పు నాదేనని జరిగిందంతా చెప్పాను. ఆమె నెమ్మదిగా విన్నది. కోపం చూపలేదు.

"వలకు కొత్త గుండ్లు తెచ్చినప్పుడు మేం ఒక్కొక్కటీ అరచేతిలో వేసుకుని చూస్తాం మేడం. దుకాణమాయన ఎంతని చెప్పినా సరే. మీరట్ల చూడరా?"

చూస్తామని చెప్పాను. ఆ రోజు చూడలేదని కూడా చెప్పాను.

తర్వాత సెప్టెంబరులో సరైన లైనుతో అదే చెరువు దగ్గర మళ్ళీ ప్రదర్శన పెట్టాం. మరియమ్మ వచ్చింది. అందరికీ కళ్ళద్దాలు ఇచ్చాం. విసిరేవాళ్ళకు వెనక, పక్కల పదిహేను మీటర్ల దాకా తాడు కట్టించాను. లైనును అందరి ముందూ తూచాకే రాడ్ చేతికి తీసుకున్నాను.

రాడ్‌కు తగిన లైను ఎట్లా ఎంచుకోవాలని ఇప్పుడెవరైనా అడిగితే, నంబర్లు రెండూ కలవాలని చెప్పి, లైను తూచి చూడమంటాను. తూచే పద్ధతి నాకు ఆ రోజుకే తెలుసు, కాటా నా బల్ల మీదే ఉంది. ఐదు నిమిషాల పని వదిలేశాను, దెబ్బ పక్కనున్న మనిషికి తగిలింది.