చిటికెల కప్పల రిజిస్టరు

వానలు మొదలయ్యాయంటే మా వంటింటి జాడీలో కల్లుప్పు చెమ్మగిల్లుతుంది. చెయ్యి పెడితే వేళ్ళకి అంటుకుని ఓ పట్టాన వదలదు. "ప్యాకెట్ ఉప్పు తెచ్చుకుంటే పోదా అత్తా" అని కోడలు ఏటా అంటూనే ఉంటుంది. నేను వినను. ఆ తడి ఉప్పు అరచేతిలో పడగానే సన్యాసిరావు మాస్టారు గుర్తొస్తారు. అయినా జాడీ తీసెయ్యను. చేసిన పనిని మరిచిపోయే హక్కు నాకు లేదు.

ఆయన నర్సీపట్నం కాలేజీలో జువాలజీ లెక్చరర్. నేను ఆ ల్యాబులో అటెండర్ని. మా ఆయన అక్కడ పనిచేస్తూ చనిపోతే, తొంభైల మొదట్లో ఆ ఉద్యోగం నాకిచ్చారు. చదివింది ఏడో తరగతి. గొలుగొండ పైన కొండవాగు దగ్గర పట్టిన కప్పలు గోనెసంచిలో వచ్చేవి. వాటిని ట్రేల మీద సర్దడం, పిల్లలు కోసేశాక ఎత్తి పారెయ్యడం నా పని. పెద్ద కప్పలతో బాటు బొటనవేలంతవి కొన్ని వచ్చేవి. అవి కోతకి పనికిరావని కాలవలో పడేసేవాళ్ళం. వాటి అరుపు ఎవరో చిటికె వేసినట్టుంటుంది, అందుకని చిటికెల కప్పలనేవారు. ఒకరోజు మాస్టారు సంచి తిరగేసి చూసి, "సత్యవతీ, ఆ చిన్నవి ఈమధ్య రావడం లేదేటి?" అన్నారు. "రాకపోతే మంచిదే కదండీ, పారబోసే పని తప్పింది" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ ఆదివారమే వాగు దగ్గరికి వెళ్ళారు. పైన రాళ్ళ క్వారీ పడింది, వాగంతా బూడిదరంగు బురద. ఆ కప్ప ఆ వాగులో తప్ప ఇంకెక్కడా ఆయనకి కనపడలేదు. తెలిసిన వాళ్ళందరికీ ఉత్తరాలు రాశారు, ఎవరూ చూశామనలేదు. ఆ వానాకాలమంతా రాయి రాయీ ఎత్తి వెతికితే దొరికినవి పదకొండు. టిఫిను క్యారేజీలో తడిగుడ్డ పరిచి తెచ్చారు. "మనం కాలవలో పారేసినవి ఎన్ని ఉంటాయంటావు?" అని అడిగారు. ఆ రోజు నుంచి మా ల్యాబులో కప్పల కోత లేదు. ప్రిన్సిపాల్ గారు కేకలేసినా మాస్టారు జంకలేదు.

రెండేళ్ళు ఆ పదకొండూ గుడ్డు పెట్టలేదు. వాటి మేతకి చెదలు తవ్వి తేవడం, అరటిపళ్ళు కుళ్ళబెట్టి దోమల్లాంటి ఈగల్ని పెంచడం, అదీ నా ఉద్యోగం. మా ఆడపడుచు ముక్కు మూసుకుని "ఏటొదినా, కాలేజీలో పనంటే ఇదేనా?" అని ఎగతాళి చేసేది. వాటికి వాన కావాలని మాస్టారికి తోచి, ఆసుపత్రిలో వాడి పడేసిన సెలైన్ ట్యూబులు కడిగి తెచ్చి, రాళ్ళ మీద చుక్క చుక్కగా నీళ్ళు పడేలా కట్టారు. మూడో ఏడు ఆషాఢంలో ఒక పొద్దున తాళం తీసేసరికి రాళ్ళనిండా నానబెట్టిన సబ్జాగింజల్లా గుడ్లు! "మాస్టారండీ, బేగి రండి!" అని గేటు దాకా పరుగెత్తాను. ఆయన చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.

కాళ్ళొచ్చి తోకలు పోయేసరికి ఆరు తొట్లలో రెండొందల పైన పిల్లలు. ముసలివైన పెద్ద కప్పలు ఈలోగా ఒక్కొక్కటే పోయాయి. ఇక ఆ జాతికి ఉన్నదల్లా ఆ తొట్లలోనే. క్వారీ మూతపడింది, వాగు తేటపడింది. మర్నాడు తీసుకెళ్ళి వదలాలి. ముందురోజు ఊరి పెద్దలూ అధికారులూ వచ్చి చూశారు. "అబ్బో, ఎన్నున్నాయో!" అని ప్రతివాళ్ళూ అన్నారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇంత చిన్న ప్రాణాలెంత? సాయంత్రం అందరూ వెళ్ళాక ఇంటినుంచి ఉప్పు తెచ్చి తొట్టికో గుప్పెడు దిష్టి తీశాను. ఇంట్లో అయితే ఆ ఉప్పు చెంబుడు నీళ్ళలో వేస్తాం, దిష్టి కరిగిపోవాలని. ఇక్కడ నీళ్ళు తొట్టిలోనే ఉన్నాయి కదా అని అందులోనే వేసేశాను. ఆరో తొట్టికి ఉప్పు చాల్లేదు. దానికి ఉత్తచేత్తో తిప్పేసి దణ్ణం పెట్టుకుని ఇంటికెళ్ళాను.

తెల్లారి అయిదు తొట్లలో అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. మాస్టారు నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. "ఉప్పా?" అన్నారు. "దిష్టి తీశానండీ" అన్నాను. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన స్టూలు మీద కూలబడ్డారు. తర్వాత మెల్లిగా చెప్పారు. "కప్ప నోటితో నీళ్ళు తాగదమ్మా, చర్మంతో తాగుతాది. ఉప్పు తగిల్తే దాని ఒంట్లో నీళ్ళు బయటికి లాగేస్తాది. పాతికేళ్ళబట్టి ప్రతి క్లాసుకీ సెప్పాను. నువ్వు ఆ వెనకాలే సీసాలు కడుగుతున్నావు. నీకూ సెప్పాలని నాకు తోచలేదు." రిజిస్టరు తీసి రాశారు: ఉప్పు వల్ల పోయాయి, తప్పు నాది. "నా పేరు రాయండి మాస్టారూ" అని కాళ్ళు పట్టుకున్నాను. రాయలేదు. స్టాఫ్ రూములో నవ్వింది ఆయన్ని చూసే, సంజాయిషీ ఇచ్చుకున్నదీ ఆయనే. నా ఉద్యోగం నిలిచింది.

ఆరోది చిన్న తొట్టి, దాన్లో ఉన్న పద్నాలుగే మిగిలాయి. వాటినే తీసుకెళ్ళి వాగులో వదిలాం. తడిరాళ్ళ సందుల్లోకి చటుక్కున దూరిపోయాయి. ఆ మర్నాటి నుంచి రోజూ నాలుగింటికి మాస్టారు నన్ను పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టి పాఠం చెప్పారు. నలభై ఏళ్ళొస్తున్న మనిషిని, సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. రిజిస్టరు కూడా నా చేతికే ఇచ్చారు. "వానాకాలంలో వెళ్ళి వినాలి. విన్నదే రాయాలి సత్యవతీ. వినాలనుకున్నది రాయకూడదు." ఏటా ఇద్దరం గొలుగొండ బస్సెక్కి, కొండెక్కి, రాతి మీద పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్ళం. ఏటా ఒకటే మాట రాశాను, వినపడలేదని. ఆయన రిటైరయ్యాకా మానలేదు.

తర్వాత పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. పుష్యమాసంలో చూడ్డానికెళ్తే మొహంలో కళ లేదు. ఆ కళ్ళు అడుగుతున్నది నాకు తెలుసు. తట్టుకోలేకపోయాను. "వాగుకెళ్ళానండీ. వినపడిందండీ, రెండు మాట్లు" అనేశాను. ఆయన నావైపు చూశారు. నోరు సగమే తిరుగుతోంది. "పుష్యమాసంలోనా?" అన్నారు. నేను తల దించుకున్నాను. బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. "పోన్లే. రిజిస్టర్లో మాత్రం రాయకు." వారం తిరక్కుండానే పోయారు.

నిన్న వాన పడితే మళ్ళీ వెళ్ళొచ్చాను. మోకాళ్ళు సహకరించవు, కర్ర పట్టుకుని ఎక్కాను. వేరే కప్పలు గోల గోలగా అరిచాయి. ఒక్కసారి చిటికె వినపడినట్టే అనిపించి ఊపిరి బిగపట్టాను. ఆకు మీంచి నీటిబొట్టు రాతి మీద పడుతోంది. తిరుగు బస్సులో రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని రాశాను: వాన పడింది. వినపడలేదు.