హెస్టర్ వంటింట్లో పొలిమేర

బట్టలుతికి బతికే హెస్టర్ పోకాక్‌కు తన ఇంటి మీద తెగ విసుగు. నెదర్‌కాట్, ఆష్‌వెల్ ఊళ్ల పొలిమేర సరిగ్గా దాని మధ్యలోంచి పోతుంది. పొయ్యి నెదర్‌కాట్‌లో, మంచం ఆష్‌వెల్‌లో. ఏటా ఈస్టర్ వెళ్లాక నెదర్‌కాట్ చర్చి జనం బెత్తాలు పట్టుకుని పొలిమేర వెంట నడుస్తారు. ఎక్కడ వదిలేస్తే అక్కడి జాగా పక్క ఊరు తనదంటుంది. అందుకని పాస్టరుతో సహా అందరూ ఆమె వెనక కిటికీలోంచి లోపలికి దూకి, ముందు తలుపులోంచి బయటపడతారు. కడిగిన నేలంతా బురద. పైగా వాళ్లకు బీరు పోయాలి, బన్నులు పెట్టాలి. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు.

ఆ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. దుప్పటి పిండే ఓపిక లేదు. జమీందారు థార్న్‌కూంబ్ వంశం వాళ్లు నెదర్‌కాట్ ముసలివాళ్ల కోసమే కట్టించిన గదుల్లో ఒకటి ఖాళీ అయింది. అది దక్కకపోతే పట్నంలో బీదల ఆశ్రమమే గతి.

ఆ గది అడగడానికి వెళితే, “నీ మంచం ఎటుంది?” అని అడిగాడు జమీందారు ఎస్టేటు మేనేజరు క్రాబ్.

“అటు గోడవారనండీ.”

“అయితే నువ్వు ఆష్‌వెల్ మనిషివి. పడుకునే చోటే ఊరు.”

“ఇటుపక్క కప్పు కారుతోందని మీకే ఎన్నిసార్లు మొత్తుకున్నాను! అందుకే కదయ్యా మంచం అటు లాక్కున్నది!”

ఇల్లు ఎస్టేటుదే, కప్పు వేయించాల్సింది ఆ పెద్దమనిషే. అయినా చీమ కుట్టినట్టయినా లేదు. మంచం ఇప్పుడు జరిపినా చెల్లదన్నాడు. సాయం కోసం ఆష్‌వెల్ వెళితే అక్కడి చర్చి పెద్ద, “వండుకుతినే చోటే నీ ఊరు, పోమ్మా” అన్నాడు. హెస్టర్‌కు ఒళ్లు మండిపోయింది.

పొలిమేర నడిచే రోజు రాగానే కిటికీ, తలుపు రెండూ గడియపెట్టి లోపల కూర్చుంది.

“హెస్టరమ్మా, తలుపు తీయండి!” అన్నారు పాస్టరు ఫెన్.

“నేను మీ ఊరిదాన్ని కానట గదండీ. పరాయి ఊరిదాని కొంపలో మీకేం పని?”

“చుట్టూ తిరిగి పోదాం పదండి,” అన్నాడు క్రాబ్.

“పోతే ఈ జాగా పోయినట్టే!” అని అరిచాడు కమ్మరి హాస్కిన్స్. గట్టు మీద ఆష్‌వెల్ వాళ్లు అప్పటికే పళ్లికిలిస్తున్నారు. “ఇంతకీ ఆవిడ మన మనిషి కాదన్నదెవరు?”

“ఆ క్రాబ్ అయ్యనే అడుగు. నా కప్పు సంగతి కూడా అడుగు!”

పాస్టరు మేనేజరు వైపు తిరిగారు. కోపంతో పాస్టరు మొహం కందగడ్డలా ఉంది. క్రాబ్ గొంతు తగ్గించి, “సరే, గది ఇస్తాం,” అన్నాడు.

“గట్టిగా చెప్పు. గట్టు మీదవాళ్లకూ వినపడాలి!” అంది హెస్టర్ లోపలి నుంచే.

చెప్పాడు. గడియ తీసింది.

పొలిమేర గుర్తు జన్మలో మరిచిపోకుండా ఎవరో ఒకరిని ఆ చోట ఎత్తి కుదేయడం వాళ్ల ఆచారం. ఆ ఏడు ఎవరూ చెప్పకుండానే నలుగురూ క్రాబ్‌ను పట్టుకుని పొయ్యి పక్కనున్న పొలిమేర రాతి మీద గట్టిగా కుదేశారు. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

హెస్టర్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ వీళ్ల బురద కడిగింది. నువ్వు మా మనిషివే అన్న ఒక్క మాట కోసం తలుపు బిగించుకోవాల్సి వచ్చిందే అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడు ఎవరికీ బీరు పోయలేదు.