నూట నలభై రాయి

మా రోడ్డు మీద మనిషికి ఇంటిపేరుతో పనిలేదు, కిలోమీటరు చెబితే చాలు. డెబ్బై రెండులో కోళ్ళావిడ, నూట ఐదులో కుంటి వడ్రంగి. జుల్మీరా అత్తది నూట నలభై. బ్రెజిల్ పటంలో చూస్తే మా రోడ్డు ఎర్రగీత పెరూ సరిహద్దు దాకా పోతుంది గానీ, నిజానికి రోడ్డు అత్త గుమ్మం ముందే ఆగిపోయింది. ఆ తర్వాతంతా అడవే.

అక్కడి కిలోమీటరు రాయి పాతింది ఆమె మొగుడు దెయోదాతో మామ. రోడ్డు వేసే గుంపులో గొలుసు పట్టుకుని దూరాలు కొలిచే పని ఆయనది. నూట నలభై దగ్గర వానలు పట్టుకున్నాయి. పైవాళ్ళు యంత్రాలన్నీ లారీలకెక్కించి, "వానలు తగ్గాక వస్తాం, రాళ్ళు చూసుకుంటూ ఉండు" అని చెప్పి పోయారు. అప్పటికీ ఇప్పటికీ ఇరవై రెండేళ్ళు. ఆ మాట నమ్మినవాడు మామ ఒక్కడే. రాయి పక్కనే గుడిసె వేసి, కర్రపెండలం నాటుకుని, ఏటా జూన్‌లో సెయింట్ జాన్ పండగ మంటలకు ముందు రాయికి సున్నం కొట్టి ఎర్రరంగుతో అంకె దిద్దేవాడు. ఎవడైనా నవ్వితే అత్త ఊరుకునేది కాదు.

"నీ ఇల్లెక్కడో చెప్పుకోడానికి మా ఆయన పాతిన రాయే దిక్కు. మళ్ళీ ఇకిలింపొకటి!"

ఓ ఏడు సర్వేవాళ్ళు దిగారు. రోడ్డు మళ్ళీ మొదలవుతుందని పంది కోసి పెట్టాం. వాళ్ళు సుష్టుగా తిని, లెక్కని తూర్పున ఇంకో యాభై కిలోమీటర్ల వెనకనుంచి మొదలుపెట్టి, దారి పొడుగునా సిమెంటు రాళ్ళు పాతేసి పోయారు. అందరి అంకెలూ యాభై పెరిగాయి, రోడ్డు మాత్రం అంగుళం పెరగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నూట నలభై కాస్తా నూట తొంభై అయింది.

"ఆ అంకె నా నోట రాదు. ఇన్నేళ్ళు ఆయన సున్నం కొట్టింది దేనికి?" అంది అత్త.

మా ఊరి ఆరోగ్య కేంద్రంలో రేడియో దగ్గర కూర్చునేది నేనే. జూలైలో ఒక పొద్దున అత్త వాళ్ళ ప్రార్థన మందిరం రేడియోలోంచి పిలిచింది.

"ఓస్మారూ, మీ మామని పాము కరిచిందిరా! పిక్క మీద. మందు పంపించు."

"ఇంట్లోనే ఉన్నాడా అత్తా?"

"ఇంకెక్కడుంటాడు? నూట నలభైలోనే."

చీటీ మీద "140, పాముకాటు" అని రాసి, మందుపెట్టెతో పాటు డ్రైవరు బెల్మీరో చేతిలో పెట్టాను. అతను మా దగ్గరికొచ్చి పదిహేను రోజులైంది. అతనికి తెలిసినవి కొత్త రాళ్ళే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అలాగే రాశాను. చిన్నప్పటినుంచీ నాకు ఆ ఇల్లు నూట నలభై.

బెల్మీరో కొత్త నూట నలభై దగ్గర ఆగాడు. అత్త ఇల్లు ఇంకా యాభై కిలోమీటర్లుంది. హారన్ కొట్టాడు, కేకలేశాడు, గంటసేపు చుట్టుపక్కలంతా వెతికాడు. రోగిని ఎవరో తీసుకుపోయి ఉంటారనుకుని తిరిగొచ్చేశాడు. ఖాళీ జీపు చూడగానే చీటీ మీద నేను రాసిన అంకె గుర్తొచ్చింది. ఈసారి నేనూ ఎక్కాను. అత్త మళ్ళీ రేడియో దగ్గరికి రాలేదు. జీపు వస్తోందన్న ధీమాతో మామ పక్కనే కూర్చుంది.

మేం చేరేసరికి మామ పోయి గంటైంది. మందుపెట్టె నా ఒళ్ళోనే ఉంది.

"పొద్దున్నే పంపావు కదరా?" అంది అత్త.

చీటీ సంగతి దాచకుండా చెప్పాను. ఆమె ఆ రాయి వైపు తిరిగింది.

"నేను చెప్పిందీ అదే, నువ్వు రాసిందీ అదే. ఇక ఎవర్ని తిట్టనురా?"

నన్నే తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆ రోజునుంచి రేడియోలో ఎవరు పిలిచినా, ముందు "పాత లెక్కా, కొత్త లెక్కా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. అడిగిన ప్రతిసారీ మామ గుర్తొస్తాడు.

మళ్ళీ జూన్ వచ్చింది. రాయికి సున్నం పడలేదు. పండగ మర్నాడు రేడియోలో అత్త గొంతు వినిపించింది.

"పక్కింటి ఇవనేజి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. జీపు పంపు."

అందరినీ అడిగే ప్రశ్న అత్తని అడగడానికి మనసొప్పలేదు. ఆమే చెప్పింది.

"నూట తొంభై."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. "తొంభైయేనా అత్తా?"

గరగర మధ్య అత్త గొంతు మళ్ళీ వచ్చింది.

"ఒక్కసారి అనడానికే ప్రాణం పోయినంత పనైందిరా. మళ్ళీ అనిపించకు. రాసుకో."

రాశాను. ఈసారి జీపు దారిలో ఎక్కడా ఆగలేదు.